యుద్ధానికి గుప్పెడు బియ్యం

యుద్ధం ఏ దిక్కున జరుగుతోందో అప్పలమ్మకు తెలియదు. కానీ దానికి పేటలో బలం తగ్గిపోతోందని అందరికంటే ముందు తెలిసింది ఆమె భుజానికే.

పాతపట్నం నుంచి పర్లాకిమిడి పోయే రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చే ఆ పేటలో నలభై మూడు క్రైస్తవ కుటుంబాలు. ప్రతి వంటింట్లోనూ పొయ్యి పక్కన ఒక దేవుడి డబ్బా ఉంటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి అందులో వేయాలి. మిషన్ దొరసానులు నేర్పిన అలవాటు, అత్తలు కోడళ్ళకు అప్పజెప్పిన అలవాటు. శనివారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం సంచిలో పోగుచేసే పని స్త్రీల సమాజం తరఫున అప్పలమ్మది. వేయడానికి తప్ప తీయడానికి ఆ డబ్బాలో ఇంకొకరి చెయ్యి పడదు. పిల్లలు ఆకలికి ఏడ్చిన రోజుల్లో కూడా దేవుడి డబ్బాలోంచి గింజ తీసిన తల్లి ఆ పేటలో లేదు.

ఆ బియ్యం అమ్మితే వచ్చింది ఒకప్పుడు ముసలివాళ్ళ మందులకూ, గుడి సున్నానికీ, పాస్టరుగారి బస్సు చార్జీలకూ సరిపోయేది. రెండేళ్ళ కిందట విశాఖపట్నం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. గోడకు తెల్ల దుప్పటి కట్టించి దానిమీద బొమ్మలు వేయించాడు: ట్యాంకులు, పొగ, కూలిన మేడలు. ఆ దేశం పేరు బైబిల్లో ఉన్నదే కాబట్టి, అదేదో మన పక్క ఊరన్నట్టు మాట్లాడాడు. ఆ సైనికులకు తోడు నిలబడని సంఘం రేపు పైన ఏ మొహంతో నిలబడుతుందని అడిగాడు. మొహాల సంగతి వచ్చేసరికి సంఘం సెక్రటరీ బెన్హర్ లేచి, ఈ రోజు నుంచి మా గుప్పెడు బియ్యం ఆ యుద్ధానికే అని ప్రకటించాడు. అందరికంటే ముందు "స్తోత్రం" అన్నది ధనరాజు. తర్వాత ఈ సంగతి ధనరాజు మర్చిపోయాడు గానీ అప్పలమ్మ మర్చిపోలేదు.

మొదటి ఏడాది నాలుగు వీధులు తిరిగేసరికి ఆమె భుజం పడిపోయేది. అన్నీ సన్న బియ్యమే. ఆ తర్వాత రేషను బియ్యం వచ్చాయి. ఆ తర్వాత నూకలు. ఇప్పుడు చివరి ఇంటి దగ్గర కూడా సంచి చంకలో ఇమిడిపోతోంది. మొన్నొక ఇంట్లో నూకలతోపాటు కోళ్ళకు వేసే తవుడు కూడా జారింది. ఆదివారం గుడిలో మాత్రం అందరూ ఆ దేశం కోసం చేతులెత్తి కన్నీళ్ళు పెట్టుకునేవారు. కన్నీళ్ళు కొలిచి పొయ్యక్కర్లేదు కదా.

బెన్హర్ ఇన్సూరెన్సు ఏజెంటు. పాతికేళ్ళుగా ఊరందరికీ చావు భయం చెప్పి పాలసీలు కట్టించిన మనిషి. ఈసారి ఎంపీటీసీగా నిలబడాలని ఆయన కోరిక. యుద్ధానికి డబ్బు అందిందని వచ్చిన సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి గుడి గోడకు, గడియారం పక్కన తగిలించాడు. ఆ గడియారం ఆగిపోయి ఆరు నెలలైంది. దానికి సెల్లు వేసే దిక్కులేదు. తుపానుకు కప్పు రేకులు రెండు లేచిపోతే, వానొచ్చినప్పుడల్లా పాస్టరుగారు బకెట్టుకు ఇటు నిలబడి కాసేపు, అటు నిలబడి కాసేపు ప్రసంగం చెప్పేవారు.

అప్పలమ్మకు చావు భయం బెన్హర్ చెప్పక్కర్లేదు. అది ఆమెకు పుట్టుకతో వచ్చింది. భర్త గంగులు పొలం నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే పాము అనుకుంటుంది. కొడుకు ధర్మేంద్ర బండి స్టార్టు చేస్తే లారీ అనుకుంటుంది. ఏడో తరగతి వరకు చదివిన చదువు ఆమెకు ఒక్కందుకే పనికొచ్చింది: పేపర్లో ప్రమాదాల వార్తలు కూడబలుక్కుని చదవడానికి. అలాంటి మనిషి గుమ్మంలోకి ఒక సాయంత్రం బెన్హర్ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అప్పలమ్మా, నీ కొడుకు రాత తిరిగిపోనాది. ఆ దేశంలో మగోళ్ళందరూ యుద్ధానికి ఎలిపోనారు. మేడలు కట్టడానికి మనుషుల్లేరు. గుప్పెడు బియ్యం పంపిన సంఘాల పిల్లలకి ముందు పిలుపు. లిస్టులో ధర్మేంద్ర పేరే మొదట రాసినాను."

ధర్మేంద్రకు ఇరవై నాలుగేళ్ళు. విశాఖపట్నంలో అపార్టుమెంట్లకు రాడ్డు కడతాడు. ఈ నెల పని లేక ఇంటికి వచ్చాడు. ఆ మాట వినగానే వాడి కళ్ళు మెరిశాయి. తల్లి వాడికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"అక్కడ బాంబులు పడతన్నాయంట కదా అన్నియ్యా," అంది.

"పడితే? ప్రతి మేడకీ కిందన గది ఉంటాదమ్మా. సైరన్ మోగీసరికి అందులోకి దిగిపోతారు. తుపానొస్తే మనం స్కూల్లోకి ఎల్లిపోం? అలగే."

"తుపాను ముందు రోజు సెప్పి వస్తాది."

బెన్హర్ నవ్వి ధర్మేంద్ర వైపు తిరిగాడు. "మీ అమ్మ ఇలగే అంటాది గానీ, వచ్చే మంగళారం తర్వాత మంగళారం విశాపట్నంలో ఇంటర్వూ. పాస్‌పోర్టు, సంఘం ఉత్తరం ఉంటే సాలు. ఉత్తరం మీద కమిటీ సంతకాలు నాను సేయిస్తాను."

ఆయన వెళ్ళాక ఆమె కొడుకు వెంట పడింది. "వొద్దు నాయనా. అక్కడ కూలిన మేడలే గానీ కట్టిన మేడలు నేవు. బొమ్మల్లో సూడలేదేటి?"

"కూలినాయి కాబట్టే కదమ్మా కట్టాలి. విశాపట్నంలో పన్నెండో అంతస్తు అంచున నిలబడి రాడ్డు కడతాను. దానికి భయం నేదా నీకు? నువ్వు సూడలేదు, అందుకని నేదు."

పన్నెండో అంతస్తు సంగతి ఆమెకు అంతవరకూ తెలియదు. ఉన్న భయం పోలేదు సరికదా, ఇంకొకటి వచ్చి పక్కన కూర్చుంది.

మర్నాడు ధర్మేంద్ర స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె పెట్టె తెరిచి వాడి పాస్‌పోర్టు తీసింది. రెండేళ్ళ కిందట ఎవరో దుబాయి అంటే చేయించుకున్నాడు. ప్లాస్టిక్ కవర్లో చుట్టింది గానీ ఎక్కడ పెట్టాలో తోచలేదు. నీళ్ళ కుండ వెనక పెడితే గంగులు నీళ్ళకు చెయ్యి పెడతాడు. దూలం మీద పెడితే ఎలుక. చివరికి ఆమె చూపు పొయ్యి పక్కన నీలం సిలువ గీసిన పాలపొడి డబ్బా మీద పడింది. దేవుడి డబ్బాలో ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టరు. దాన్ని ఒంపేది తనే. అడుగున పాస్‌పోర్టు నిలబెట్టి, పైన బియ్యం పోసి మూత పెట్టింది. దేవుడా, నీ దగ్గరే పెట్టాను, నువ్వే చూసుకో అనుకుంది.

ఇక వెతుకులాట మొదలైంది. ధర్మేంద్ర పెట్టెలు బోర్లించాడు, పరుపులు దులిపాడు, బండి సీటు విప్పాడు. అప్పలమ్మ కూడా వాడితోపాటు వెతికింది. మంచం కింద దూరితే సెల్‌ఫోను లైటు పట్టుకుంది. "ఇక్కడే ఎక్కడో ఉంటాది నాయనా" అని ధైర్యం చెప్పింది. గంగులు అరుగు మీద కూర్చుని బీడీ ఆర్పి, "దొరకదురా, మీ అమ్మ ఎతికితే దొరికీది కూడా దొరకదు" అన్నాడు. అతనికి తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఆమెకు అర్థం కాలేదు.

"ఇంటర్వూ ముందు సోమారం నాటికి దొరక్కపోతే టేసన్‌కెళ్ళి పోనాదని రాయించీస్తాను," అన్నాడు ధర్మేంద్ర. "బెన్హర్ మావ ఎస్సైతో మాట్లాడతానన్నాడు."

అప్పలమ్మకు దడ పట్టుకుంది. ఉన్న పాస్‌పోర్టు పోయిందని రాయిస్తే, తర్వాత దొరికితే, అబద్ధం చెప్పాడని కొడుకును లోపలేస్తారు. యుద్ధానికి పంపకుండా జైలుకు పంపినట్టవుతుంది.

ఆమెకు ఒక్క దారే కనిపించింది. సంఘం ఉత్తరం బియ్యంతో ముడిపడి ఉంది. బియ్యం ఆగితే ఉత్తరం ఆగుతుంది.

దేవుడు వినేశాడన్నట్టు, ఆ ఆదివారమే ధనరాజు గుడిలో లేచాడు. ధనరాజుకు పాతపట్నంలో సిమెంటు రేకుల కొట్టుంది. సెక్రటరీ పదవి మీద ఆరేళ్ళుగా కన్నుంది.

"మన గుడి కప్పు కారతంటే మనం ఎక్కడో సిపాయిలకి అన్నం పెట్టడమేటి అయ్యగారూ," అన్నాడు. "ఆ యుద్ధం మనం మొదలెట్టినామా? మనం ఆపగలమా? ఇంటి వాన ఇంట్లో ఉండగా..."

"రెండేళ్ళ కింద మొదట స్తోత్రం అన్నది నువ్వే కాదేటి," అన్నాడు బెన్హర్.

"అప్పుడు కప్పు ఉన్నాది."

"అలగైతే సైనికులు సచ్చిపోయినా పరవాలేదా?"

"సావమని నాననలేదు. మన బియ్యం తినకుండా బతకమన్నాను."

పాస్టరు కృపానిధిగారు ఇద్దరివైపూ చూసి ఇద్దరికీ తల ఊపారు. ఆ ఊపు ఆయనకు పదిహేనేళ్ళ అభ్యాసం. చివరికి ఒక ఉపాయం చెప్పారు. ఈ శనివారం బియ్యం పోగుచేయవద్దు. వచ్చే ఆదివారం ఎవరి డబ్బా వాళ్ళు గుడికి తేవాలి. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు వండే గంగాళాలు రెండు ముందు పెడతాం. ఒకటి యుద్ధానికి, ఒకటి కప్పుకు. ఏ ఇంటి ఆడమనిషి ఆ ఇంటి డబ్బా తన చేత్తో ఏ గంగాళంలో పోస్తే అది ఆ ఇంటి ఓటు. మాటలు మగవాళ్ళు చెప్పుకున్నా బియ్యం వేసేది ఆడవాళ్ళే కాబట్టి ఇదే న్యాయం అన్నారు. న్యాయం సంగతి ఎలా ఉన్నా, ఎవరి పక్షమూ తనమీద పడకుండా చూసుకోవడం ఆయనకు బాగా తెలుసు.

ఆ వారమంతా అప్పలమ్మ సంచి లేకుండా ఇల్లిల్లూ తిరిగింది.

అంగన్‌వాడీలో పనిచేసే ప్రిస్కిల్లా గుమ్మంలో చేపలు తోముతోంది. విషయం చెబితే తలెత్తింది. "ఆ యుద్ధం ఇంకా అవలేదేటప్పా? నాను అయిపోనాదనుకున్నాను. టీవీలో సూపించడం మానీసినారు కదా."

"అవలేదు. గుప్పెడు వేస్తనే ఉన్నావు కదే నువ్వు."

"ఏదో సెయ్యి అలవాటు. ఈ మజ్జిన కోళ్ళ నూకలే వేస్తన్నాను. వాళ్ళకి తెలుస్తాదా ఏటి."

కుట్టుమిషను సుహాసిని వెంటనే ఒప్పుకుంది. "కప్పులోనే పోస్తాను అప్పా. మా పాపకి క్రిస్మస్‌కి సోలో పాట ఇవ్వకుండా బెన్హర్ మరదలికి ఇచ్చినారు. ఆ గొంతుకి ఇచ్చినారు. ఆ రోజే నాను ఈ యుద్ధం తప్పనుకున్నాను."

ఇంకో ఇంట్లో మొగుడు, సర్టిఫికెట్టు పక్కన తీసిన ఫొటోలో తన తల సగమే పడిందని యుద్ధాన్ని వదిలేశాడు. మరొకాయన ఇప్పుడు వేరే దేశంలో ఇంకా పెద్ద యుద్ధం వచ్చింది కదా, పాతదాన్ని పట్టుకుని వేలాడటం దేనికన్నాడు. సచ్చేది మనుషులు అన్న మాట ఏ ఇంట్లోనూ ఎవరి నోటా రాలేదు. రెండేళ్ళ కిందట ఇచ్చినవాళ్ళూ ఆ మాట అనుకుని ఇవ్వలేదు, ఇప్పుడు మానేవాళ్ళూ ఆ మాట అనుకుని మానడం లేదు. అప్పలమ్మకు వాళ్ళమీద అసహ్యం వేసింది. ఆ వెనకే, తను మాత్రం ఎవరి కొడుకుల కోసం తిరుగుతోందని మనసు అడిగింది. నా కొడుకు కోసం అని దానికి సమాధానం చెప్పి, పక్కింటి తలుపు తట్టింది.

దారిలో ధనరాజు బండి ఆపాడు. "మంచి పని సేస్తన్నావు అప్పలమ్మా. తల్లులు తలుసుకుంటే యుద్ధాలు ఆగిపోతాయి. రేకులు నా కొట్లో ఉన్నాయని నాను ఇలగ అంటన్నాననుకోకు."

"నాననుకోలేదు. నువ్వే అన్నావు," అంది అప్పలమ్మ.

పేట చివర గుడిసెలో తాతమ్మ ఒక్కతే ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు ఆమె బీపీ బిళ్ళలు గుప్పెడు బియ్యం నుంచే వచ్చేవి. యుద్ధం వచ్చాక ఆగిపోయాయి. అయినా పూటకు గుప్పెడు వేయడం ఆమె మానలేదు. ఆ నలభై మూడు డబ్బాల్లో నిజంగా నిండుగా ఉండేది ఆమెదే.

"నా బిళ్ళలు ఆపీసి ఆ సిపాయిలకి ఏటి కొన్నార్రా అని బెన్హర్ని అడిగినాను," అంది తాతమ్మ. "ప్రార్థన సెయ్యి పిన్నీ, బీపీ తగ్గుతాది అన్నాడు. మరి ప్రార్థనతో యుద్ధం తగ్గదేటిరా అన్నాను. ఎలిపోనాడు."

"ఆదివారం నువ్వు రావాలి పిన్నీ. నాను సెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను."

అక్కడే పొరపాటు జరిగింది. ఆదివారం పొద్దున్న అప్పలమ్మ, డబ్బా తను వచ్చాక ఒంపి, పాస్‌పోర్టు తీసి పట్టుకెళ్దామనుకుంది. "డబ్బా ముట్టుకోకండి, నానొచ్చి తెస్తాను" అని గంగులుకు చెప్పి తాతమ్మ గుడిసెకు వెళ్ళింది. తాతమ్మ నాలుగడుగులకు ఒకసారి ఆగుతుంది. ఆగినప్పుడల్లా ఒక కొత్త రోగం చెబుతుంది. ఆ రోగాలన్నీ తనకూ ఉన్నాయేమోనని అప్పలమ్మ ఆగి వింటుంది. ఈలోగా మొదటి గంట కొట్టారు. సరే, ఈమెను గుడి అరుగు మీద కూర్చోబెట్టి ఇంటికి పరిగెడదామనుకుంది.

కూర్చోబెట్టి లోపలికి తొంగి చూస్తే, పాస్టరుగారు నిలబడే పుల్పిట్ ముందు డబ్బాలు వరుసగా ఉన్నాయి. చివర నీలం సిలువ డబ్బా.

"మన వీధియన్నీ ఆటోలో వేసుకొచ్చీసినాను అమ్మా," అన్నాడు ధర్మేంద్ర చెమట తుడుచుకుంటూ. "ఆడోళ్ళు మొయ్యలేరు కదా."

కొడుకు మంచివాడు కావడం కూడా ఒక ప్రమాదమేనని ఆమెకు ఆ రోజు తెలిసింది. గబగబా ముందుకు వెళ్ళి డబ్బా మీద చెయ్యి వేసింది.

"ఇందులో పురుగు పట్టినాది. ఇంటికి పట్టుకెళ్ళి సెరిగి తెస్తాను," అంది.

"ఓట్ల పెట్టె ఇంటికి పట్టుకెళ్తారేటమ్మా ఎవరైనా," అన్నాడు బెన్హర్. "అక్కడ పెట్టీ."

ఆమె పెట్టేసింది. ఆరాధన ఎంతసేపు జరిగిందో, కృపానిధిగారు ఏ వాక్యం చదివారో ఆమెకు ఒక్క ముక్క తెలియదు. కళ్ళన్నీ డబ్బా మీదే. పొయ్యకుండా కూర్చుంటే ఏమవుతుంది? పోస్తే ఏమవుతుంది? కొడుకు అందరిలో తల్లిని ఏమంటాడు? ఆ తర్వాత ఇల్లు వదిలి వెళ్ళిపోతే? వెళ్ళి ఎక్కడో పన్నెండో అంతస్తు మీద ఆ కోపంతో నిలబడితే?

ఒక్కొక్క ఇంటి పేరు పిలిచారు. బెన్హర్ భార్య సన్న బియ్యం ఎత్తునుంచి ధారగా యుద్ధంలో పోసింది, వెనక బెంచీల వాళ్ళకు కూడా కనిపించేటట్టు. ధనరాజు భార్య అంతకంటే ఎత్తునుంచి కప్పులో పోసింది. ప్రిస్కిల్లా కోళ్ళ నూకలు దేవుడి ముందు బయటపడేసరికి తల దించుకుని గబుక్కున కప్పులో ఒంపేసింది. సుహాసిని పోసేముందు బెన్హర్ మరదలివైపు ఒక చూపు చూసింది. తాతమ్మ డబ్బాను ఇద్దరు పట్టాల్సి వచ్చింది. అది కప్పు గంగాళంలో పడితే గుడంతా చప్పుడు వినిపించింది.

నలభై రెండు ఇళ్ళు అయ్యేసరికి యుద్ధానికి పదహారు, కప్పుకు ఇరవై ఆరు.

"తేలిపోనాది కదా, ఇంక సాలేమో," అన్నారు కృపానిధిగారు. అప్పలమ్మకు ఊపిరి వచ్చింది.

బెన్హర్ లేచాడు. వారమంతా ఎవరు తిరిగారో ఆయనకు తెలుసు. "అదెలాగయ్యగారూ. అందరి బియ్యం పోగుచేసీ మనిషి తన బియ్యం ఎక్కడ పోస్తాదో సంఘం సూడొద్దేటి? రా అప్పలమ్మా. కొడుకు పేరు లిస్టులో మొదట ఉన్నాది. సూసి పొయ్యి."

ఆమె లేచింది. డబ్బా ఎత్తింది. అరచెయ్యి మూతికి అడ్డం పెట్టి కప్పు గంగాళంలోకి వంచింది. బియ్యం వేళ్ళ సందుల్లోంచి జారాయి. బియ్యం అయిపోవస్తుంటే ఏదో అడ్డుపడింది. ప్లాస్టిక్ కవరు ఆమె వేళ్ళు దాటుకుని బియ్యం మీద వెల్లకిలా పడింది. కవర్లోంచి నీలం అట్ట మీద మూడు సింహాలు గుడినంతా చూశాయి.

మగవాళ్ళ వైపు రెండో వరసలో ధర్మేంద్ర లేచి నిలబడ్డాడు.

ముందు నవ్వింది బెన్హరే. "ఇదేటి కప్పు మీద ప్రేమ. సూసినారా? వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి మీ అందరి సేతా ఎవరి పని సేయించినాదో సూసినారా? ఈ ఓట్లు సెల్లవు."

ధనరాజు గొంతు సవరించుకున్నాడు. "అలగ దాసడం తప్పే. నాకు తెలీదు. నాను ఆవిడితో మాట్లాడను కూడా మాట్లాడలేదు. కప్పు సంగతి వేరు, ఇది వేరు."

తల్లులు తలుసుకుంటే అన్న నోరు అదే. అప్పలమ్మ దాన్ని చూసింది. ఆ చూపుకు ధనరాజు గోడ మీది గడియారంలో టైము చూసుకున్నాడు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు ముందు బెంచీ నుంచి తాతమ్మ గొంతు వచ్చింది. "బెన్హరూ, ఒక మాట సెప్పు. నీ కొడుకు నెహెమ్యా పేరు ఆ లిస్టులో ఎన్నోదిరా?"

బెన్హర్ కొడుకు నెహెమ్యా సివిల్ డిప్లమా చదివి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. మేడలు కట్టడం పేటలో అందరికంటే వాడికే ఎక్కువ తెలియాలి. ఆ సంగతి అంతవరకూ ఎవరికీ తట్టలేదు.

"వాడికి సైనస్ పిన్నీ," అన్నాడు బెన్హర్. "దుమ్ము పడదు."

"నిజమే. బాంబు పడితే దుమ్ము రేగుతాది," అంది తాతమ్మ.

ఆడవాళ్ళ వైపు ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆ తర్వాత కొంగులు చాలలేదు.

ధర్మేంద్ర ముందుకు వచ్చాడు. తల్లి మొహం చూడలేదు. గంగాళంలోంచి కవరు తీసి, అంటుకున్న తవుడు దులిపి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బెన్హర్ ముందు చెయ్యి చాపాడు.

"లిస్టు ఇలగివ్వు మావా. పెన్ను కూడా."

బెన్హర్ ఇచ్చాడు. ధర్మేంద్ర కాగితం పుల్పిట్ మీద పరిచి తన పేరు కొట్టేశాడు. దాని కింద మళ్ళీ రాశాడు. పైన ఆ కొట్టివేత పక్కన చోటు వదిలి కాగితం, పెన్ను తిరిగి ఇచ్చాడు.

"మొదట నెహెమ్యా పేరు రాయి. రెండోది నాది. ఇద్దరం ఒకే ప్లేనులో ఎల్తాం. ఆడు కిందన గదిలో కూకుంటే నాను పైన రాడ్డు కడతాను."

పెన్ను బెన్హర్ చేతిలోనే ఉంది. కాగితం ఆయన ముందే ఉంది. యుద్ధం కోసం రెండేళ్ళు మాట్లాడిన మనిషికి మూడక్షరాలు రాయడం చేతకాలేదు. "ఇంట్లో కనుక్కుని సెప్తాను," అన్నాడు.

కృపానిధిగారు వెంటనే కళ్ళు మూసుకుని ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన అంత త్వరగా ప్రార్థనలోకి దిగడం పేట ఎప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చాక ధర్మేంద్ర కేకలు వేస్తాడనుకుంది అప్పలమ్మ. వేయలేదు. అది ఇంకా భయం.

"ఇన్ని రోజులు నాతో పాటు ఎతికినావు," అన్నాడు. "మంచం కింద దూరితే లైటు పట్టినావు."

"అక్కడ తేలో జెర్రో ఉంటాదని పట్టినాను."

వాడికి నవ్వు వచ్చింది. వచ్చినందుకు ఇంకా కోపం వచ్చి బయటికి వెళ్ళిపోయాడు. మంగళవారం ఇంటర్వ్యూ దాటిపోయింది. "నానెల్లనని అనలేదు. నెహెమ్యా ఎప్పుడెల్తే అప్పుడెల్తాను" అని వాడు తండ్రితో అంటుంటే విన్నది. పాస్‌పోర్టు ఇప్పుడు తాళం వేసిన పెట్టెలో ఉంది. తాళంచెవి వాడి మొలతాడుకు ఉంది. ఆ రోజు నుంచి అప్పలమ్మ ప్రార్థన మారింది. లోకంలో ఏ తల్లీ ఇంకొకరి బిడ్డ గురించి అడగకూడనిది ఆమె దేవుణ్ణి అడుగుతోంది: ఆ పిల్లడి సైనస్ ఎప్పటికీ తగ్గకుండా చూడు తండ్రీ.

నెల తిరక్కముందే కప్పుకు రేకులు వచ్చాయి, ధనరాజు కొట్టు నుంచే. బెన్హర్ సెక్రటరీ పదవి వదులుకుని, కొత్తగా వచ్చిన ఆ పెద్ద యుద్ధం గురించి పేటలో మాట్లాడటం మొదలుపెట్టాడు. ధనరాజు సెక్రటరీ అయ్యాడు. గోడ మీది ఫ్రేములోంచి యుద్ధం సర్టిఫికెట్టు తీసి, అదే ఫ్రేములో కప్పు దాతగా తన ఫొటో పెట్టించాడు. బియ్యం పోసినవాళ్ళ పేర్లకు అందులో చోటు చాల్లేదట. తాతమ్మ బిళ్ళల మాట ఆయన వచ్చే కమిటీలో చూద్దామన్నాడు. గడియారానికి సెల్లు ఇంకా వేయలేదు.

రేకులు బిగించేవాడికి కూలి ఇవ్వడం దేనికని ధర్మేంద్రనే ఎక్కించారు. వాడు గుడి కప్పు మీద ఒంటి కాలితో దూలం మీద నిలబడి బోల్టులు తిప్పుతున్నాడు. ధనరాజు కింద నీడలో నిలబడి, అటు కాదు ఇటు అని వేలు చూపిస్తున్నాడు. అప్పలమ్మ నిచ్చెనను రెండు చేతులతో పట్టుకుని పైకి చూస్తోంది. మెడ పట్టేసింది. రేకు జారితే? కాలు జారితే? గాలి వస్తే?

"ఇది పన్నెండో అంతస్తు కాదే అమ్మా," అన్నాడు వాడు పైనుంచి. "పడితే కాలు ఇరుగుతాది, అంతే."

"ఆ మాటలు అనకు. కిందకి సూడకు. ఆ బోల్టు ఒదిలీ, దిగిపో."

అంతలో గుడి ముందునుంచి నెహెమ్యా బండి మీద వెళ్ళాడు. మట్టి రోడ్డు మీద లేచిన దుమ్ములో ఆగి, బండి ఒక కాలిమీద నిలబెట్టి, వరుసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు.

అది వినేసరికి అప్పలమ్మ ప్రాణం కొంత కుదుటపడింది. నిచ్చెన మాత్రం వదల్లేదు.